గాలి గొట్టం, తెల్ల సీసా

కిందటి వారం లైన్‌మన్ భార్యను ఆస్పత్రి వరండాలో, దోసిట్లో చక్కెర పొట్లాలతో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. మనకు వారం గడిచింది గానీ ఆమెకు రెప్పపాటు కూడా గడవలేదు. పాపం, అక్కడే, అలాగే నిలబడి ఉంది.

మరిచిపోయిన వాళ్ల కోసం నాలుగు మాటలు. కరెంటు స్తంభాలెక్కే ఈ లైన్‌మన్‌ను తోటివాళ్లంతా ఉడుత అంటారు. ఆ ఉడుత బూటులోకి ఒకరోజు ఇనప నట్టు ఒకటి జారి పడింది. పొద్దస్తమానం దాన్ని తొక్కుకుంటూనే ఆయన స్తంభాలెక్కాడు, దిగాడు. తెలియనే లేదు. ఏళ్ల తరబడి షుగర్ ఆ కాలికి స్పర్శ లేకుండా చేసేసింది మరి. సాయంత్రం మేజోడు విప్పితే లోపలంతా నెత్తురు. ఆ పుండు మందులకు మానలేదు, కోసి శుభ్రం చేసినా మానలేదు. చివరికి పాదాల డాక్టరు గాలి గొట్టానికి పంపాడు. మనిషిని పారదర్శకంగా ఉండే పెద్ద గొట్టంలో పడుకోబెట్టి, తలుపు బిగించి, లోపల ఒత్తిడి పెంచి అచ్చమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. నెత్తురు సరిగ్గా అందని పాదానికి ఆ దారిలోనైనా ప్రాణవాయువు అందుతుందని ఆశ. నిన్న డాక్టరు కట్టు విప్పి చాలాసేపు చూసి, "సోమవారం మళ్లీ చూస్తాను. ఇలాగే ఉంటే పాదం తీసేయక తప్పదు" అన్నాడు. ఈ ఉదయం ఉడుత గొట్టంలోకి వెళ్లాక, ఆయన విప్పిన ప్యాంటు మడతపెట్టబోయిన అక్కగారి ఒళ్లో ఈ పొట్లాలు రాలాయి. టీ కొట్లలో కప్పుతోపాటు ఇచ్చే చిన్న కాగితం పొట్లాలు.

"చూశావా అమ్మాయ్, నీ మొగుడి నిర్వాకం," అంది వదిన. లైన్‌మన్‌కు అక్కగారు కాబట్టి ఆమెకు వదిన. "కాలు పోతుందిరా నాయనా అని లోకమంతా మొత్తుకుంటుంటే, వీడు తీరుబడిగా చక్కెర బుక్కుతున్నాడు."

ఆమె పొట్లాలను వేళ్లతో కదిపి చూసింది. అన్నీ చింపినవే. ఒక్కటి మాత్రం చింపకుండా నిండుగా ఉంది. ఆ ఒక్కటి ఎందుకలా ఉండిపోయిందో ఆలోచించే ఓపిక అప్పుడామెకు లేదు.

"చిన్నప్పుడూ ఇంతే," వదిన ఆపలేదు. "డబ్బాలో చక్కెర తగ్గితే చీమలు తిన్నాయనేవాడు. చీమలకి స్టూలు వేసుకోవడం కూడా వచ్చా అని మా అమ్మ అడిగితే, వచ్చమ్మా, నేను చూశాను అనేవాడు. బయటికి రానీ, ఇవాళ వాడి మీద ఒంటికాలి మీద..."

అంటూనే నాలుక కరుచుకుంది. ఇద్దరూ కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నోటికి అలవాటైన మాట కూడా ఈ వరండాలో పలకడానికి లేకుండా పోయింది.

వదిన గొంతు తగ్గించింది. "ఇన్సులిన్ ఇంజెక్షనైనా వేళకి పడుతోందా?"

"పడుతోంది వదినా. నేనే వేస్తున్నా కదా."

వేళకి పడుతున్న మాట నిజమే. ఎంత పడుతోందని వదిన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇక్కడ మనం కాస్త వెనక్కి వెళ్లాలి. గొట్టంలో పడుకున్నంతసేపూ షుగర్ కొంత దిగడం ఉంటుంది. లోపల కళ్లు తిరిగితే పైనుంచి చెయ్యి పెట్టి చక్కెర నీళ్లు పోసే వీలుండదు. అందుకే తలుపు దగ్గర వేలు గుచ్చి చూస్తారు. తక్కువగా ఉంటే లోపలికి పంపరు. ఈ వైద్యం మొదలైన కొత్తలో ఒకరోజు ఉడుతకు అలాగే తక్కువ వచ్చింది. "ఇవాళ కుదరదు" అన్నారు. ఆయన వరసను వెనకున్న ముసలాయనకు ఇచ్చారు. ఆస్పత్రి నూలు గౌనులో, చక్రాల కుర్చీలో, తనది కావలసిన తలుపు వేరేవాళ్ల వెనక బిగుసుకోవడం చూస్తూ కూర్చున్నాడు లైన్‌మన్. ఎంత ఎత్తు స్తంభం చూసినా జంకని మనిషి, ఆ రోజు నేల చూపులు చూస్తూ, "ఇవాళ్టి గాలి పోయిందే" అన్నాడు. ఇంటికెళ్లి కట్టు మారుస్తుంటే పుండు అంచు నిన్నటికంటే నల్లబడినట్టు ఆమెకు అనిపించింది. నల్లబడిందో లేదో దేవుడికెరుక. భయం కళ్లకు అలాగే కనిపించింది.

మర్నాడు పొద్దున సూదిలోకి మందు ఎక్కిస్తూ, రాసిచ్చిన గీత కంటే కిందనే ఆమె చెయ్యి ఆగింది. మందు కాస్త తగ్గితే షుగర్ మరీ పడిపోదు, తలుపు దగ్గర వెనక్కి పంపరు. ఆ కాస్తకే ఏం కొంప మునుగుతుందిలే అనుకుంది. ఆ రోజు నిజంగానే లోపలికి పంపారు. మర్నాడూ చెయ్యి అక్కడే ఆగింది. ఆ తర్వాత చేతికి అదే అలవాటైపోయింది. ఆయన కళ్లద్దాలు లేకుండా ఆ సన్న గీతలు చూడలేడు. చూడాలని అనుకోనూ లేదు.

నిన్న డాక్టరు రీడింగులన్నీ చూసి ఇద్దరినీ కలిపి కడిగేశాడు. "ఈ ఆక్సిజన్ తోడు వైద్యం. షుగర్ అదుపులో లేకపోతే అది ఒంటరిగా ఏం చేయలేదు. నేను కట్టుకుంటూ పోతుంటే మీరు వెనకాల పీకేస్తున్నారు. ఏం తినిపిస్తున్నారమ్మా ఈయనకి?" ఆమె సంచి దగ్గరికి లాక్కుంది. అప్పుడు డాక్టరు చూపు సంచిలోని తెల్ల సీసా మీద పడింది. లోపల తేడాగా అనిపిస్తే తాగడానికని షుగర్ ఉన్నవాళ్లు పండ్లరసం తీసుకెళ్లే ప్లాస్టిక్ సీసా అది. గొట్టం దగ్గరున్న ఆపరేటరు చెబితేనే తాగాలి. ఉడుత సీసా మాత్రం రోజూ ఖాళీగానే బయటికొస్తోంది.

మునిగిపోయే మనిషికి చేతికేది దొరికితే అదే ఆధారం. ఆమెకు సీసా దొరికింది. తప్పంతా ఆ రసానిదే అయితే ఎంత బాగుండును అనుకుంటూ రాత్రంతా దొర్లి, పొద్దున్నే లేచి రెండు పనులు చేసింది. మందు రాసినంతా నిండుగా ఎక్కించింది. సీసాలో రసం పోయకుండా మంచినీళ్లు నింపి మూత బిగించింది. ఇక నుంచి అంతా సవ్యంగా చేస్తాను, సోమవారం లోపల ఎలాగైనా ఆ పాదాన్ని నిలబెట్టు తండ్రీ అని మొక్కుకుని బయల్దేరింది. ఈ రెండు పనుల సంగతీ ఆమె ఎవరి చెవినా వేయలేదు.

ఇప్పుడు పొట్లాలు గుప్పిట్లో బిగించి కదిలింది. "ఆయన్ని ఇప్పుడే అడిగేస్తా," అంది.

"లోపలున్నాడు కదే!"

"అందుకే. అక్కణ్నుంచి ఎక్కడికీ పోలేరు."

* * *

గొట్టం ఉన్న గది చల్లగా, శుభ్రంగా ఉంటుంది. ఒక పక్క మీటర్లు, వాల్వులు ఉన్న పలక. దాని ముందు ఆపరేటరు. పూర్వం ఓడ మీద, నీళ్లలోకి దిగే వాళ్ల ఒత్తిడి గదికి కాపలా కాసినవాడు. అందుకని రోగులు ఆయనకు ఈతగాడని పేరు పెట్టుకున్నారు. నిజానికి ఆయనకు ఈత రాదు. అడిగినవాళ్లందరికీ ఆ సంగతి తనే చెప్పుకుని నవ్వుతాడు.

"రండమ్మా. ఇవాళ మీవారి రీడింగ్ చాన్నాళ్లకి మనిషి రీడింగులా ఉంది," అన్నాడు ఈతగాడు. "లోపలికి పంపే గీతకి కాస్త పైనే ఉంది. టిఫిన్ తిన్నారా అంటే కడుపునిండా తిన్నానన్నారు. పంపేశాను."

ఆమె తలూపి పలక పక్కనున్న ఫోను తీసుకుంది. ఈ ఫోనులో మాట్లాడితేనే లోపలికి వినిపిస్తుంది. లోపలి మాట మాత్రం స్పీకర్లో గదంతా వినిపిస్తూ ఉంటుంది. రోగి దగ్గినా, మూలిగినా తెలియాలి కదా. మొగుడూ పెళ్లాల గొడవకు ఇంతకంటే పనికిరాని చోటు ఇంకొకటి ఉండదు. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు.

గొట్టంలో ఉడుత వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆక్సిజన్‌లో నిప్పురవ్వ పుట్టకుండా మణికట్టుకు ఎర్తు తీగ కట్టి ఉంది. కట్టు కట్టిన పాదం మెత్తని దిండు మీద. తల పక్కన తెల్ల సీసా.

"ఏవండీ."

ఆయన కళ్లు తెరిచి నవ్వాడు. "ఏంటి, ఇస్త్రీలకి వెళ్లలేదా ఇవాళ?" ఆమె పని చేసేది ఒక పెద్ద హోటలు లాండ్రీలో. ఆవిరి బాయిలరు పక్కన నిలబడి రోజంతా దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది.

"సెలవు పెట్టాను. ఇవేంటి?" పొట్లాలు గొట్టానికి ఆనించి చూపించింది.

నవ్వు పోయింది. 

"టీ కొట్టువాడు ఇచ్చాడు."

"మీరు తాగేది చక్కెర లేని టీ. వాడు మీకెందుకిస్తాడు?"

"అక్క ఉందా అక్కడ?"

"ఉన్నాన్రా!" వదిన గొట్టం వైపు కేకేసింది. లోపలికి వినపడదని తెలిసీ కేకేసింది.

"ఉంది. అంతా ఉన్నాం. చెప్పండి," అంది ఆమె. "నా బతుకంతా ఆ కాలి చుట్టూ తిప్పుకుంటున్నా కదండీ. మీ కట్టు వాసన నా చేతుల్లోంచి పోవడం లేదు, ఎన్నిసార్లు కడుక్కున్నా. నోటి రుచి కోసం పాదం ఇచ్చేస్తారా?"

అన్నది గానీ, ఆ కోపం తనకే డొల్లగా వినిపించింది. అడిగే హక్కు తనకెంత ఉందో ఆమె ఒక్కదానికే తెలుసు.

"రుచా?" అన్నాడు ఆయన. "నాలుక మీద వేసుకుంటే వాంతి వచ్చేది. నీళ్లు పోసుకుని మింగేవాణ్ని."

"మరెందుకు?"

ఆయన పైకి చూస్తూ చెప్పాడు. "ఆ రోజు వెనక్కి పంపేశారు చూడు. అప్పట్నుంచి నాకు ఈ తలుపంటేనే భయం. పుండు కంటే కూడా. మళ్లీ తక్కువొస్తే మళ్లీ పంపేస్తారు, ఇలా రోజులు పోతే పాదం పోతుంది. అందుకని బట్టలు మార్చుకునే గదిలో రెండు పొట్లాలు నోట్లో వంచుకునేవాణ్ని. ఇక్కడ వేలు గుచ్చేసరికి గీత దాటేది. ఈతగాడు ఊ అనేవాడు. లోపలికొచ్చాక పడిపోకుండా సీసాలో రసం కూడా మెల్లిమెల్లిగా తాగేసేవాణ్ని. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు."

పలక ముందు కూర్చున్న ఈతగాడు తల పట్టుకున్నాడు. "ఆ ఒక్కరోజూ గొట్టం ఖాళీ లేక వెనక్కి పంపేశానమ్మా. మామూలుగా అయితే కాస్త తినిపించి, ఆగి, మళ్లీ చూసి పంపుతాం. ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేవాణ్ని కదా."

ఒక్కమాట. ఆ ఒక్కమాట తను కూడా అడగలేదు. రోజూ ఈ మనిషి ముందే నిలబడి, దండం పెట్టి, సంచి పుచ్చుకుని వెళ్లిపోయేది. ఆస్పత్రిలో పెద్దవాళ్లను ప్రశ్నలడిగితే విసుక్కుంటారని, విసుక్కుంటే వరస పోతుందని భయం. ఆయనదీ అదే భయం. పక్కపక్కనే పడుకుని, ఒకే భయాన్ని ఇద్దరూ చెరో దుప్పట్లో దాచుకున్నారు.

చెప్పకుండా ఉండిపోవచ్చు. ఎవరికీ తెలియదు. తప్పంతా చక్కెరదే అని తేలిపోయింది. వదిన చూపంతా తమ్ముడి మీదే ఉంది. ఈ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను కూడా," అంది.

"నువ్వు కూడా ఏంటి? చక్కెర తిన్నావా?"

"మీ మందు తగ్గించాను. వెనక్కి పంపిన మర్నాటి నుంచి. పొద్దున సూదిలోకి గీత దాకా లాగేదాన్ని కాదు."

వదిన స్టూలు మీద కూలబడింది. "ఏమంటున్నావే నువ్వు," అంది. ఈతగాడు మీటర్ల మీద నుంచి చూపు తిప్పలేదు గానీ, వింటూనే ఉన్నాడని వీపు చెబుతోంది.

లోపల ఆయన కళ్లు చికిలించి ఆమెకేసి చూశాడు.

"నా కళ్లకి ఆ గీతలు ఆనవనేగా," అన్నాడు.

"అవును."

"నాకు చెప్పకుండా."

"మీరు చెప్పారా?"

"నేను తిన్నది నా నోటితో. నువ్వు చేసింది నా ఒంటి మీద." ఆయన గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "స్తంభం ఎక్కేముందు కిందివాణ్ని ఒకటే అడుగుతాం, సప్లై ఆపావా అని. ఆపాను అంటే ఆపినట్టే. రెండోసారి అడగం. వాడి మాట మీద వట్టి చేత్తో తీగ పట్టుకుంటాం. నిన్ను నేను అలా నమ్మాను."

ఇంతకంటే కొట్టినా ఆమె తట్టుకునేది. ఆయన వీపు తిప్పుకోవాలని చూశాడు. మణికట్టు తీగ అడ్డం వచ్చింది, పాదం దిండు మీద నుంచి కదపకూడదు. ఆ గొట్టంలో అలగడానికి కూడా చోటు లేదు. ముఖం ఒక్కటే అటు తిప్పుకున్నాడు.

ఆమె గొట్టం చుట్టూ తిరిగి అటు వెళ్లబోయింది. ఫోను తీగ అంత దూరం రాలేదు. ఫోను అక్కడే వదిలేసి వెళ్లి, ఆయన ముఖానికి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. గొట్టం మీద అరచెయ్యి పెట్టి మాట్లాడింది. తప్పయిపోయింది అంది. మీ పాదం నల్లబడుతుంటే నాకు పిచ్చెక్కిపోయింది అంది. నన్ను తిట్టండి, కొట్టండి, కానీ ముఖం తిప్పుకోకండి అంది. ఒక్క ముక్క కూడా ఆయనకు వినపడదు. ఆయన ఆ కదిలే పెదాలనే చూస్తూ ఉండిపోయాడు. కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి.

"వినపడట్లేదే," అంది స్పీకరు. "అటు వెళ్లు. ఫోను తీసుకో."

ఆమె పరుగున వచ్చి ఫోను అందుకుంది.

"ఇద్దరం కలిసి తినేశాం కదే కాలిని. నువ్వు అటునుంచి, నేను ఇటునుంచి." నవ్వబోయాడు, నవ్వు సగంలో విరిగింది. "ఇంత కష్టపడి."

"సోమవారం దాకా టైముంది కదండీ. ఇద్దరం డాక్టరు గారి కాళ్ల మీద పడదాం. జరిగింది జరిగినట్టు చెప్పేద్దాం. తప్పు మందులోనూ గాలిలోనూ లేదు, మాలో ఉందని చెబుదాం. ఇంకొన్నాళ్లు ఆగండి అని అడుగుదాం."

"ఆగుతాడంటావా?"

"ఆగాలి," అంది. ఎందుకు ఆగాలో ఆమెకు తెలియదు. పాదం లేని ఉడుతను ఊహించుకోవడం మాత్రం ఆమె వల్ల కాదు. ఆ కట్టు కింద ఎంత ప్రాణం మిగిలుందో, అంతా తమ ఇద్దరి నిజాయితీ మీదే ఆధారపడి ఉన్నట్టు అనిపించింది.

ఆయన పెద్దగా ఆవలించాడు. "ఇవాళ ఎంత వేశావు?"

"నిండా. రాసినంతా వేశాను. ఇంకెప్పుడూ తగ్గించను, ఒట్టు."

"మంచిది." మళ్లీ ఆవలింత. "నేనూ ఇవాళ మంచివాణ్నే."

ఆమె చూపు గుప్పిట్లోకి వెళ్లింది. నలిగిన కాగితాల మధ్య నిండుగా ఉన్న ఆ ఒక్క పొట్లం.

"ఈ చింపనిది ఇవాళ్టిదా?"

"ఊ. అలవాటు కొద్దీ తెచ్చాను. చింపబోతుంటే డాక్టరు మాట గుర్తొచ్చింది. ఇక చాలనుకున్నా." మాట కాస్త ముద్దగా వచ్చింది. "పొద్దున టిఫిన్ కూడా దిగలేదు నాకు. సోమవారమే కళ్ల ముందు కనిపిస్తుంటే ఏం తింటాం. ఇతనికి మాత్రం తిన్నాననే చెప్పాను. లేకపోతే పంపడు కదా."

ఈతగాడు స్టూలు వెనక్కి తన్ని లేచాడు.

నిండా మందు, ఖాళీ కడుపు. ఇన్నాళ్లూ ఇద్దరూ తప్పు చేశారు, ఆయన గీత పైనే ఉన్నాడు. ఇవాళ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా ఒకేసారి మంచివాళ్లయ్యారు.

"ఏవండీ, ఎలా ఉంది మీకు?"

"చెమట పడుతోంది. పైన ఎండ." గౌను ఛాతీ దగ్గర తడిసి అంటుకుపోయి ఉంది. ఆయన చెయ్యి గాలిలో దేన్నో వెతుకుతోంది. "కింద ఎవరు? సప్లై ఆపారా?"

"నేనండీ. నేను."

"సప్లై ఆపారా అంటే పలకరేంటి?"

ఈతగాడు అప్పటికే వాల్వు తిప్పుతున్నాడు. మీటరు ముల్లు కదిలింది, మెల్లిగా, చూసేవాళ్ల ప్రాణం తోడేసేంత మెల్లిగా. పలక మీది బొత్తాం నొక్కి, డాక్టర్ని రమ్మని, సూదిలో గ్లూకోజు సిద్ధం చేయమని చెప్పాడు.

"తలుపు తీసేయ్ బాబూ!" అని వదిన అరిచింది. "తీసేయ్, నీకు దండం పెడతాను!"

"కుదరదమ్మా. ఒక్కసారిగా తీస్తే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. దించుతున్నాను." ఈతగాడి నుదుటి మీదా చెమట పట్టింది. "భయమంతా ఒకటే. ఫిట్స్ వస్తే ఊపిరి బిగబడుతుంది. అప్పుడు గాలి దించడం కూడా ఆపేయాలి. అది రాకముందే లోపల ఆయన నోట్లో తీపి పడాలి. మీ మాటైతే వింటారు. సీసాలో రసం తాగమనండమ్మా, త్వరగా."

బాయిలరు పక్కన ఇన్నేళ్లు నిలబడ్డ మనిషి. ఒత్తిడిలో ఉన్న మూతను తొందరపడి తెరిస్తే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ తెల్ల సీసాలో ఏముందో కూడా ఒకరు చెప్పక్కర్లేదు.

"అందులో..." అంది. "అందులో..."

వదిన చివాలున లేచి ఫోను లాక్కుంది. "తమ్ముడూ, నేన్రా అక్కని! తల పక్కన సీసా ఉంది చూడు. తాగరా. ఒక్క గుక్కలో తాగేయ్!"

ఉడుత తల అటూ ఇటూ తిరిగింది. చెయ్యి తడుముతూ తడుముతూ సీసాను పట్టుకుంది. మూత పళ్లతో లాగాడు. తాగబోతూ ఆగి, మసకబారిన కళ్లతో భార్య వైపు చూశాడు. స్తంభం మీద నుంచి కిందివాడి మాట కోసం చూసే చూపు అది. ఆమె అడ్డంగా తల ఊపిందో, నిలువుగా ఊపిందో ఆమెకే తెలియదు. ఆయన మాత్రం నమ్మి, సీసా ఎత్తాడు.

"అందులో నీళ్లండీ," అంది ఆమె ఈతగాడితో. "రసం పారబోశాను. వట్టి నీళ్లే పోశాను."

స్పీకర్లో గుటకల చప్పుడు గదంతా వినిపించింది. చివరి చుక్క దాకా తాగాడు. ఖాళీ సీసా ఆయన ఛాతీ మీదికి జారింది. నాలుకతో పెదాలు తడుముకుని, అర్థం కానట్టు ముఖం పెట్టాడు.

"తియ్యగా లేదే," అన్నాడు. "మళ్లీ ఏం చేశావు?"

ఆమె నోరు తెరిచేలోపే ఆయన దవడ బిగుసుకుంది. మెడ వెనక్కి విరుచుకుంది, మడమలు గొట్టాన్ని టకటకా కొట్టసాగాయి, స్పర్శ లేని పాదం కూడా. ఈతగాడి చెయ్యి వాల్వు మీద ఆగిపోయింది. దిగుతున్న ముల్లు, సగం దారిలో, కదలకుండా నిలబడింది.